పుస్తకం చదివితే తోతాపురి రేటు పెరుగుతుందా అని మా నాయన అడిగాడు

తోట_పక్క

తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నాను. ఊరు బంగారుపాళ్యం పక్కన, నాలుగెకరాల మామిడి తోట, మొత్తం తోతాపురే. మూడు నెలలుగా ప్రతి ఆదివారం బైరాగిపట్టెడలో ఒక అన్న రూములో ఆరేడు మందిమి కూర్చుని మార్క్స్ చదువుతున్నాం. 1845లో ఆయన బ్రసెల్స్‌లో ఉన్నప్పుడు ఫోయర్‌బాఖ్ అనే జర్మన్ తత్వవేత్త మీద నోటుబుక్కులో రాసుకున్న పదకొండు పాయింట్లు ఉన్నాయి కదా, అవి పోయిన వారమే పూర్తయ్యాయి. చూడటానికి చిన్నవే గానీ మాకు నాలుగు వారాలు పట్టింది. చివరిది అందరూ చెప్పేదే, తత్వవేత్తలు ఇప్పటిదాకా లోకాన్ని రకరకాలుగా వివరించారు, కావలసింది దాన్ని మార్చడం అని. లండన్‌లో ఆయన సమాధి మీద కూడా ఈ మాటే చెక్కి ఉంది.

పండక్కి ఇంటికి పోతూ ఆ పుస్తకం తీసుకుపోయాను. రాత్రి అన్నం తిన్నాక చదువుకుంటుంటే మా నాయన పక్కన కూర్చుని ఏమి చదువుతున్నావని అడిగాడు, నాకు తెలిసినంత చెప్పాను. 2025 సీజన్ ఎట్లా గడిచిందో మన జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ముందు ఏడాది గుజ్జే అమ్ముడుపోలేదని జ్యూస్ ఫ్యాక్టరీలు కొనడం తగ్గించేశాయి, ఫ్యాక్టరీ 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది, కిలోకు 12 అన్నారు, మా నాయనకు మాత్రం ఆ ఎనిమిది కూడా పూర్తిగా చేతికి రాలేదు. టోకెన్ కోసం తిరిగి, ట్రాక్టర్‌తో రెండు రాత్రులు రోడ్డు మీద క్యూలో పడుకున్నాడు, అడుగున ఉన్న కాయ మాగి నీళ్లు కారిపోయింది. నేను చెప్పిందంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "ఏమిరా, ఇది చదివితే కాయ రేటు పెరుగుతాదా?"

ఎగతాళికి అడగలేదు. చదువుకున్న కొడుకు ఏదో తెలిసి చెప్తాడని నిజంగానే అడిగాడు. నాకు నోట మాట రాలేదు, ఆ రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మార్చడమే అసలు పని అయితే ఈ తత్వశాస్త్రం ఎందుకు? నేరుగా పనిలోకి దిగొచ్చు కదా. రూములో కూర్చుని నూట ఎనభై ఏళ్ల కిందటి జర్మన్ల వాదనలు చదవడం, ఆయన తప్పుపట్టిన పనే మేము మళ్లీ చేసినట్టు కాదా? "ఇంకా లోతుగా చదువు, అర్థమవుతుంది" అని మాత్రం చెప్పకండి, ఆ మాట చాలాసార్లు విన్నాను.

కొర్లగుంట_17

తమ్ముడూ, సూటిగా చెప్తాను, బాధపడొద్దు. నేను కూడా యూనివర్సిటీలో ఉన్నప్పుడు నాలుగేళ్లు ఆ సర్కిల్స్‌లోనే తిరిగాను. ఇంత గట్టిగా లోకాన్ని మారుస్తామన్నవాళ్లు రాజ్యం చేతికొచ్చిన చోట ఏం చేశారో కూడా చూడాలి. రష్యాలో 1917లో మొదలైంది 1991లో కూలిపోయింది, మధ్యలో ఎంతమంది సొంత మనుషులే జైళ్లలో, క్యాంపుల్లో పోయారు. దానికి జవాబు చెప్పకుండా పదకొండో పాయింట్ ఒక్కటే గోడ మీద రాసుకుంటే సరిపోదు.

రెండోది నాకు ఇంకా ముఖ్యం. మా తాతకు డీకేటీ పట్టా కింద, అంటే భూమి లేనివాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పట్టా కింద, ఎకరన్నర ఇచ్చారు, అది కాగితం మీదే ఉంది, సాగు చేసేది వేరేవాళ్లు. మన చిత్తూరు పల్లెల్లో తోట ఎవరిది, చెట్టెక్కేది ఎవరు అని చూస్తే వర్గం కంటే ముందు కులం కనపడుతుంది. అంబేద్కర్ 1936లోనే సోషలిస్టులను ఉద్దేశించి ఈ విషయం రాశాడు, కులం అంటే ఉత్త పని విభజన కాదు, పనిచేసేవాళ్లనే విడగొట్టడం అని. ఆ మాట విని మన కమ్యూనిస్టులు అప్పుడే కూర్చుని ఆలోచించి ఉంటే ఈ రాష్ట్రం వేరుగా ఉండేదని నా నమ్మకం. 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళితుల ఊచకోతలు జరిగాక గానీ చాలామందికి కళ్లు తెరుచుకోలేదు. అంబేద్కర్ చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, 1956 నవంబర్‌లో, ఖాట్మండులో బుద్ధుడినీ మార్క్స్‌నీ పక్కపక్కన పెట్టి మాట్లాడాడు. గమ్యం మీద పేచీ లేదు, బలవంతంతో, నియంతృత్వంతో అక్కడికి చేరడం మీదే పేచీ. నేను ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

చదవొద్దు అనడం లేదు. కానీ మీ రూములో ఆరేడు మంది అన్నావు కదా, ఎవరెవరు ఏ వాడల నుంచి వచ్చారో ఒకసారి చూసుకో.

రిటైర్డ్_మాస్టారు

బాబూ, మీ నాన్నగారు అడిగినది చాలా మంచి ప్రశ్న. ముప్పై ఏళ్లు క్లాసులో పాఠం చెప్పాను, ఒక్క స్టూడెంటూ ఇంత సూటిగా అడగలేదు. రేటు పెరుగుతుందా అంటే, పెరగదు. పుస్తకం చదివితే ఏ రేటూ పెరగదు. కానీ ఆయన ప్రశ్నకు, మార్క్స్ జీవితానికి ఒక సంబంధం ఉంది, అది మీ సర్కిల్‌లో ఎవరూ చెప్పినట్టు లేదు.

మార్క్స్ పుట్టిన ట్రియర్ జర్మనీలో మోజెల్ నది ఒడ్డున ఉంటుంది. ఆ లోయ నిండా ద్రాక్షతోటలు, వాళ్ల ఇంటికి కూడా కొంచెం తోట ఉండేది. 1834లో జర్మన్ రాజ్యాల మధ్య సుంకాలు ఎత్తేశాక బయటి వైన్ వచ్చిపడి అక్కడి చిన్న రైతులు దెబ్బతిన్నారు, అప్పుల్లో కూరుకుపోయారు. ఆ బాధంతా ఒక విలేకరి రాస్తే, ఆ ప్రాంతం పెద్ద అధికారి, ఇవన్నీ అబద్ధాలు, రుజువు చూపించు అన్నాడు. అప్పుడు ఆ పత్రికకు ఎడిటర్ మార్క్స్, కొలోన్‌లో, వయసు 24. అంతకు రెండేళ్ల ముందు 1841లో తత్వశాస్త్రంలో డాక్టరేట్ తెచ్చుకున్నాడు, అది కూడా పాతకాలపు గ్రీకు అణువాదుల మీద. రేట్లు, పన్నులు, అప్పులు ఆయన చదువులో ఎక్కడా లేవు. 1843 జనవరిలో ఆ విలేకరి తరఫున ఆయనే జవాబు రాయడానికి కూర్చున్నాడు.

అందులో ఒక మాట ఉంది, నా సొంత మాటల్లో చెప్తాను. ఇలాంటి విషయాలు చూసేటప్పుడు మనం అన్నిటినీ మనుషుల బుద్ధితో వివరించాలని చూస్తాం, అధికారి చెడ్డవాడనో, రైతు తెలివితక్కువవాడనో. కానీ అధికారినీ రైతునూ ఇద్దరినీ నడిపించే సంబంధాలు ఉన్నాయి, అవి మన ఇష్టంతో పనిలేకుండా, ఊపిరి ఆడినట్టు, వాటి పాటికి అవి నడుస్తుంటాయి. మార్క్స్ తత్వశాస్త్రం మొత్తంలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. పెద్ద గ్రంథంలోది కాదు, ద్రాక్ష రేటు మీద రాసిన పత్రిక వ్యాసంలోది.

మీ నాన్నగారి విషయానికే రండి. ఫ్యాక్టరీవాడు మోసం చేశాడు అనుకుంటే మన కోపం ఆ మనిషి మీద, మండీవాడు మోసం చేశాడనుకుంటే ఆ మనిషి మీద. వాళ్లు మంచివాళ్లని నేను చెప్పడం లేదు. కానీ అక్కడ రేపు ఒక ధర్మాత్ముడిని కూర్చోబెట్టినా, గల్ఫ్‌లో, యూరప్‌లో కొనేవాడు లేక గోడౌన్‌లో డ్రమ్ములు పేరుకుపోతే ఆయన కూడా కొనడం ఆపేస్తాడు. కాయ నాలుగు రోజుల్లో మాగిపోతుంది, గుజ్జు డ్రమ్ములో ఏడాది పైనే ఉంటుంది. ఆగగలిగినవాడిదే రేటు. కాయ చేతిలో ఉన్నవాడు ఆగలేడు, డ్రమ్ము చేతిలో ఉన్నవాడు ఆగగలడు. ఇది ఎవరి గుణం వల్లా వచ్చింది కాదు, ఏది ఎవరి చేతిలో ఉందన్నదాని వల్ల వచ్చింది. ఇలా చూడటం వస్తే ఏం చేయాలన్న ప్రశ్న కూడా మారుతుంది, "వాడిని ఎలా తిట్టాలి" అనే చోట "ఆగే శక్తి మన చేతికి ఎలా వస్తుంది" అనే ప్రశ్న వస్తుంది. తత్వశాస్త్రం చేసే పని అంతే, దాన్ని తక్కువ చేసి చూడకండి.

అయితే ఆ పదకొండింటిలో రెండో పాయింట్ మర్చిపోకూడదు. ఒక ఆలోచన నిజమా కాదా అన్నది చర్చలో తేలేది కాదు, ఆచరణలో మనిషి రుజువు చేసి చూపించాల్సింది అంటాడు. అంటే నేను పైన చెప్పిన విశ్లేషణ కూడా ఇంకా రుజువు కాలేదు. కాయలు కొనే ర్యాంపు దగ్గర పనిచేస్తేనే అది నిజమైనట్టు.

కొర్లగుంట మిత్రుడికి. మీరన్న రెండూ నేను కాదనను. మూడో పాయింట్‌లో మార్క్స్ ఒక హెచ్చరిక పెట్టాడు, పరిస్థితులు మనుషులను తయారుచేస్తాయి సరే, కానీ ఆ పరిస్థితులను మార్చేది కూడా మనుషులే, చదువు చెప్పేవాడు తాను కూడా చదువు నేర్చుకోవాలి, లేకపోతే సమాజం రెండు ముక్కలై ఒక ముక్క ఇంకో ముక్క నెత్తిన కూర్చుంటుంది అని. సోవియట్‌లో పార్టీ జనం నెత్తిన కూర్చుంది. మన దగ్గర నాయకులు దళితవాడకు చెప్పడానికి వెళ్లారు గానీ వినడానికి వెళ్లినవాళ్లు తక్కువ. తక్కువ అన్నాను, లేరని కాదు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య పేరు చివర రెడ్డి తీసేసి, సొంతూళ్లోనే వ్యవసాయ కూలీలను కూడగట్టాడు. ఆ దారిలో ఎంతమంది నడిచారన్నది మాత్రం మీరు అడగాల్సిన ప్రశ్నే.

ఇంకొకటి చెప్పి ఆపుతాను, మారిన లోకం ఎక్కడుందని అడిగేవాళ్ల కోసం. ఇంగ్లండ్‌లో 1847లో పది గంటల చట్టం వచ్చింది, ఆడవాళ్లకు, పిల్లలకు బట్టల మిల్లుల్లో అంతకు మించి పని ఉండకూడదని. 1864లో మార్క్స్ దాన్ని ఒక సిద్ధాంతమే గెలిచినట్టు లెక్కగట్టాడు, కూలివాళ్ల అర్థశాస్త్రం ముందు యజమానుల అర్థశాస్త్రం మొదటిసారి తలవంచిందని. 1867లో వచ్చిన ఆయన 'పెట్టుబడి' గ్రంథం మొదటి సంపుటంలో పనిరోజు మీద పెద్ద అధ్యాయమే ఉంది, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల రిపోర్టులు తవ్వి రాశాడు. మన దగ్గర అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా, అంటే కార్మిక మంత్రి లాంటి పదవిలో, ఉండగానే 1946లో ఫ్యాక్టరీ పనిని వారానికి 48 గంటలకు తగ్గించారు, 1948 ఫ్యాక్టరీల చట్టంలో అది నిలబడింది, రోజుకు తొమ్మిదికి మించకూడదని కూడా పెట్టారు. మీరు మార్క్స్‌కు ఎదురుగా నిలబెట్టిన మనిషే ఆ గంటల లెక్కలో ఆయన పక్కన ఉన్నాడు. 2025లో మన రాష్ట్రం ఆ తొమ్మిదిని పది చేయాలని నిర్ణయించింది. కాబట్టి మార్చింది మళ్లీ వెనక్కి కూడా పోతుంది, కాపలా ఉండాలి.

తోట_పక్క

సార్, మోజెల్ సంగతి నిజంగా తెలియదు. మా వాళ్లెవరూ చెప్పలేదు. చదువుతుంటే ఒళ్లు జలదరించింది, మా ఊరి గురించే రాసినట్టు ఉంది. మా నాయనకు చదివి వినిపిస్తాను. కొర్లగుంట అన్నా, మా రూములో ఎవరెవరు ఉన్నారో చూసుకున్నాను. నువ్వు అనుకున్నట్టే ఉంది.

కటింగ్_సెక్షన్

అందరికీ నమస్కారం. నాకు ఇంత రాయడం అలవాటు లేదు, మా పాప టైపు చేస్తోంది, నేను చెప్తున్నాను.

నేను చిత్తూరు దగ్గర జ్యూస్ ఫ్యాక్టరీలో తొమ్మిది సీజన్లుగా పనిచేస్తున్నా. మాగిన కాయను కడిగి, చెడిపోయింది ఏరి, కోసి లైన్‌లో వేసే పని. జూన్, జులై, కాయ ఉంటే ఆగస్టులో కొన్నాళ్లు. సొనకు చేతులు తోలు ఊడిపోతాయి, రాత్రి అన్నం కలుపుకుంటే మంట. కాయ ఎక్కువొస్తే ఎన్ని గంటలైనా నిలబడాల్సిందే, రాకపోతే గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపేస్తారు, ఆ రోజుకు కూలి లేదు. మాస్టారు చెప్పిన తొమ్మిది గంటలు మాకు కాగితంలో కూడా ఎవరూ చూపించలేదు. ఆడోళ్లకు ఒక రేటు, మొగోళ్లకు ఒక రేటు.

పోయిన ఏడాది రైతులు రోడ్డు మీద కాయలు పోసి ధర్నా చేస్తే మేము పదిహేను మంది ఆడోళ్లం పోయినాం. ఎవరూ పిలవలేదు, మేమే పోయినాం, వాళ్ల కాయ కొనకపోతే మాకూ పని ఉండదు కాబట్టి. అందరూ కాయ రేటు గురించే మాట్లాడారు. మా కూలి గురించి ఒక్క మాట అనండి అని నేను ఒక పెద్దాయనను అడిగితే, "ఇది రైతుల సమస్యమ్మా, కలగాపులగం చేయొద్దు" అన్నాడు. ఆయన చెడ్డోడు కాదు, నాకు మంచినీళ్ల బాటిల్ ఇచ్చి నీడలో కూర్చోమన్నాడు. కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

అందుకే తమ్ముడిని ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోవద్దు. మీ నాయన రేటు పెరగాలని అడిగినాడు, న్యాయమే. మీ తోటలో చిక్కంతో కాయలు దింపేవాళ్లకు, తలమీద బుట్ట మోసే ఆడోళ్లకు మీ నాయన ఎంత ఇస్తాడు? కాయ 25 అమ్మిన ఏడాది వాళ్లకు పెంచినాడా? ఆ రోజు ధర్నాలో ఉన్న రైతులందరినీ ఇదే అడగాలని ఉండింది, నోరు రాలేదు.

ఆ మార్క్స్ పుస్తకం నేను చదవలేదు. కానీ ఊరికే కూర్చుని చదవడం దండగ అని నేను అనను. మా పాప డిగ్రీ చదవబట్టే ఇక్కడ మీతో మాట్లాడుతున్నా. చదివినోళ్లు మాకు చెప్పడానికి రావొద్దు, మమ్మల్ని అడగడానికి రండి. ఒక రోజు లైన్ దగ్గర నిలబడి చూడండి.

తోట_పక్క

అక్కా, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. కోపం రాలేదు, సిగ్గేసింది. ఎందుకంటే ఆ రేటు ఎంతో నాకు తెలియదు. నాలుగు వారాలు ఆ పదకొండు పాయింట్లు చదివాను గానీ మా సొంత తోటలో కూలి ఎంతో ఎప్పుడూ అడగలేదు.

నిన్న ఊరికి పోయి నాయనను అడిగాను. మొదట కసురుకున్నాడు, "నాకే మిగల్లేదు, వాళ్లకు యాడ్నుంచి తెచ్చేది" అన్నాడు. 2025 వరకు అది నిజమే. కానీ అంతకు ముందు రేటు బాగున్న ఏడాది సంగతి అడిగితే కాసేపు ఊరుకున్నాడు. మా అమ్మే లోపలి నుంచి చెప్పింది, ఆ ఏడాది బోరు వేయించాం, కూలి పెంచలేదు అని. మా అమ్మ ఇలాంటి విషయాల్లో మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. తోటలో బుట్టలు మోసేవాళ్ల పక్కనే ఆమె కూడా పొద్దంతా పనిచేస్తుంది, ఆమెకు అసలు కూలే లేదు, ఆ సంగతి కూడా ఆ రాత్రే తట్టింది నాకు.

తర్వాత మోజెల్ కథ చెప్పాను. మా నాయన చాలా శ్రద్ధగా విన్నాడు. ఆగగలిగినవాడిదే రేటు అన్న మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు, "ఆ సారు తోట చేసినోడా?" అని అడిగాడు. చివర్లో ఒకటి అడిగాడు, నాకు తెలియలేదు, సార్ మీరే చెప్పాలి. ఆ ద్రాక్ష రైతులకు ఆఖరికి రేటు వచ్చిందా?

రిటైర్డ్_మాస్టారు

మీ నాన్నగారికి చెప్పండి, నేను తోట చేయలేదు, మా నాన్న చెరకు వేసి బెల్లం గానుగ నడిపేవాడు. అదీ మాగినదాన్ని ఆపలేని పనే.

రేటు వెంటనే రాలేదు. ఆ వ్యాసాలు వేసిన పత్రికనే అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలే ప్రష్యా ప్రభుత్వం మూసేయించింది, 1843 మార్చి 31న చివరి సంచిక. మార్క్స్ అంతకు రెండు వారాల ముందే రాజీనామా చేశాడు. అడవిలో పుల్లలు ఏరుకున్నవాళ్లను దొంగలనే చట్టం మీద 1842లో రాసినది, ఈ ద్రాక్ష రైతుల మీద రాసినది, ఇలాంటివే తనను మొదటిసారి ఆర్థిక విషయాల వైపు తోశాయని 1859లో ఆయనే చెప్పుకున్నాడు. అంటే మీ నాన్నగారి లాంటి రైతులే మార్క్స్‌కు పాఠం చెప్పారు.

రైతులు మాత్రం పాతికేళ్ల తర్వాత వేరే దారి పట్టారు. 1868లో మోజెల్‌కు ఉత్తరాన ఆర్ నది లోయలో, మైషోస్ అనే పల్లెలో ద్రాక్ష రైతులు కలిసి సహకార సంఘం పెట్టుకున్నారు, ఎవరికివారు పచ్చి పండు తెగనమ్ముకోకుండా అందరి పండూ ఒకచోట వైన్ చేసి పీపాల్లో ఉంచి అమ్మడానికి. ఆ సంఘం నూట యాభై ఏళ్లు దాటి నడిచింది. ఆగే శక్తి చేతికి రావడం అంటే అదే. 1864లో మార్క్స్ సహకార ఫ్యాక్టరీలను చాలా గొప్పగా మెచ్చుకున్నాడు, యజమాని లేకుండా పెద్ద ఉత్పత్తి నడపొచ్చని అవి చేతల్లో చూపించాయి అన్నాడు. అక్కడే, ఏవో కొన్నిచోట్ల చిన్నగా మిగిలిపోతే అవి జనాన్ని గట్టెక్కించలేవు అని కూడా అన్నాడు. మన జిల్లాలో సహకార చక్కెర ఫ్యాక్టరీ, పాల డెయిరీ మూతపడటం చూసినవాళ్లం కాబట్టి ఆ రెండో మాట మనకు ఇంకా బాగా తెలుసు.

కొర్లగుంట_17

మాస్టారూ, అంబేద్కర్ గంటల లెక్క ఒప్పుకుంటున్నాను, ఆ కోణంలో నేను చూడలేదు. తమ్ముడూ, వచ్చే ఆదివారం నేను వస్తాను, మా వీధి నుంచి ఇద్దరిని తీసుకొస్తాను. 1936 వ్యాసంతో మొదలుపెడదాం.

కటింగ్_సెక్షన్

సార్, ఆ సంఘం మాట బాగుంది. ఇక్కడ రైతులు ఎప్పుడైనా గుజ్జు సంఘం పెట్టుకునేటట్టయితే కోతకొచ్చేవాళ్లను, లైన్‌లో నిలబడేవాళ్లను కూడా మెంబర్లుగా రాసుకోవాలి, రైతుకు ఎన్ని ఓట్లో మాకూ అన్నే ఉండాలి. ఆడోళ్లకు, మొగోళ్లకు ఒకటే రేటు. తమ్ముడూ, దీనికి మీ నాయన ఒప్పుకుంటాడేమో అడుగు, మీ అమ్మను కూడా అడుగు. సరే అంటే మా లైన్‌లో ఇరవై మందితో నేను మాట్లాడతా. ఏదైనా మే నెలలోపే చెప్పండి, కాయ దిగడం మొదలైతే మాకు తీరిక ఉండదు.